కంట్లో వేసిన చుక్క ఎక్కడికి పోతుంది?

కంట్లో చుక్కల మందు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదుగా అనిపించడం చాలామందికి అనుభవమే. మందు వేసింది కంట్లో, చేదు తెలిసింది నాలుకకు. కొందరు మందు సరిగ్గా పడలేదేమోనని టెన్షన్ పడతారు. ఎక్కువమంది అసలు పట్టించుకోరు. నిజానికి కంటి చుక్కల గురించి తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతులు చాలావరకు ఈ చేదు దగ్గరే మొదలవుతాయి. కంట్లో పడిన చుక్క అక్కడే ఉండిపోదు. అది ఎటు పోతుందో, ఎంత తొందరగా పోతుందో తెలిస్తే చాలు. ఎన్ని చుక్కలు వేయాలి, రెండు మందుల మధ్య ఎంతసేపు ఆగాలి, వేశాక కళ్లెందుకు మూసుకోవాలి, ఉబ్బసం ఉన్న మనిషి ఆ సంగతి కంటి డాక్టరుకు ఎందుకు చెప్పాలి అనేవన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

మాత్ర వేసుకునేటప్పుడు ఉండే జాగ్రత్త చుక్కల దగ్గర ఉండదు. మాత్ర రెండు వేసుకోమంటే మూడు వేసుకోం. చుక్కల విషయంలో మాత్రం 'ఇంకో చుక్క పడితే మంచిదేగా' అనుకుంటాం. పక్కవాళ్ల మాత్రలు మింగడానికి ఆలోచిస్తాం, పక్కవాళ్ల ఐ డ్రాప్స్ మాత్రం అడిగి తెచ్చుకుంటాం. చుక్క చిన్నది కాబట్టి ప్రమాదమూ చిన్నదే అన్న నమ్మకం ఇది. ఈ నమ్మకం వల్ల చూపు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అందుకే కాస్త వివరంగా చెప్పుకోవాలి.

కన్ను పట్టేది ఎంత?

సీసా నుంచి రాలే ఒక చుక్క, సీసా మూతిని బట్టి, మందు చిక్కదనాన్ని బట్టి, సుమారు 25 నుంచి 70 మైక్రోలీటర్ల దాకా ఉంటుంది. మిల్లీలీటరులో వెయ్యోవంతు ఒక మైక్రోలీటరు. మామూలుగా కంటి మీద పరుచుకుని ఉండే కన్నీరు దాదాపు 7 మైక్రోలీటర్లు. బయటికి పొర్లకుండా కన్ను పట్టి ఉంచగలిగేది అంతా కలిపి 30 మైక్రోలీటర్లకు మించదు. అంటే ఒక్క చుక్కే కంటికి ఎక్కువ. చెంచాడు పట్టే చోట గరిటెడు పోసినట్టే. రెండో చుక్క వేస్తే అది చెంప మీదికి జారుతుంది, లేదా మొదటి చుక్కను కూడా వెంటబెట్టుకుని పోతుంది. మందు పని రెట్టింపు కాదు, సీసా మాత్రం రెట్టింపు వేగంతో ఖాళీ అవుతుంది.

కంట్లో నిలిచిన ఆ కాస్త మందు కూడా స్థిరంగా ఉండదు. రెప్పలు ముక్కు వైపు కలిసే మూల దగ్గర, పై రెప్ప అంచున ఒకటి, కింది రెప్ప అంచున ఒకటి సన్నటి రంధ్రాలు ఉంటాయి. అద్దం ముందు నిలబడి కింది రెప్పను ఆ మూల దగ్గర కొద్దిగా బయటికి లాగి చూస్తే సూదిమొనంత రంధ్రం కనిపిస్తుంది. కన్నీరు రోజంతా వీటిలోంచే దిగి, సన్నని గొట్టం గుండా ముక్కులోకి చేరుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారేది ఇందుకే. రెప్ప కొట్టిన ప్రతిసారీ కొంత నీరు ఆ గొట్టంలోకి వెళ్తుంది. చుక్క వేయగానే మనం చేసే మొదటి పని ఏమిటి? టపటపా రెప్పలు కొట్టడం. మందును మన చేతులారా ముక్కులోకి పంపేస్తున్నామన్నమాట. అక్కడి నుంచి గొంతు, గొంతు నుంచి నాలుక వెనక భాగం. చేదు వచ్చే దారి అదే.

ఇన్ని దారుల్లో పోగా, వేసిన మందులో కంటి లోపలికి చేరేది నూటికి 5 వంతులు కూడా ఉండదు. తయారీదారులు ఈ లెక్క తెలిసే మందు గాఢతను నిర్ణయిస్తారు. కాబట్టి 'కొంచెమే వెళ్తోందిగా' అని మనం చుక్కల సంఖ్య పెంచాల్సిన అవసరం లేదు. ఆ కొంచెం సరిపోయేలా చేసిన మందే అది.

మిగతా మందు ఏమవుతోంది?

కంటి డాక్టర్లు మెడికల్ షాపు చీటీ రాసేటప్పుడు చెప్పడానికి తీరిక చిక్కని విషయం ఇది. ముక్కు లోపలి పొరల్లో రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. అక్కడికి చేరిన మందు నేరుగా రక్తంలో కలుస్తుంది. మాత్ర మింగితే అది పేగుల నుంచి ముందు కాలేయానికి వెళ్తుంది. అక్కడ కొంత విరిగిపోయి, మిగిలిందే ఒంటికి అందుతుంది. ముక్కు దారిలో ఆ వడపోత లేదు. అందుకే చుక్కలోని అతి చిన్న మోతాదు కూడా గుండెను, ఊపిరితిత్తులను తాకగలదు.

టిమోలాల్ సంగతే చూద్దాం. గ్లకోమాకు, అంటే నీటికాసుల జబ్బుకు, కంటి లోపలి ఒత్తిడి తగ్గించడానికి 1970ల చివర్లో వాడుకలోకి వచ్చిన మందు ఇది. ఇప్పటికీ విరివిగా వాడతారు. 0.5 శాతం సీసాలో 50 మైక్రోలీటర్ల చుక్క అంటే 0.25 మిల్లీగ్రాముల మందు. వినడానికి లెక్కలోకి రానంత తక్కువ. కానీ టిమోలాల్ బీటా బ్లాకర్ల కుటుంబానికి చెందినది, బీపీకి వాడే కొన్ని మాత్రల బంధువు. ఉబ్బసం ఉన్న మనిషికి ఈ చుక్కలతో శ్వాసనాళాలు బిగుసుకుపోవచ్చు. గుండె వేగం ముందే తక్కువగా ఉన్నవాళ్లకు ఇంకా తగ్గి కళ్లు తిరగొచ్చు, పడిపోవచ్చు. పెద్ద వయసువాళ్లకు ఉన్నట్టుండి నీరసం, ఆయాసం మొదలైతే ఇంట్లోవాళ్లు వయసు మీద నెడతారు. నెల క్రితం మొదలుపెట్టిన చుక్కల మందు ఎవరికీ గుర్తు రాదు. జనరల్ డాక్టరు 'ఏం మందులు వాడుతున్నారు?' అని అడిగినప్పుడు కూడా మాత్రల పేర్లే చెబుతాం. కంటి చుక్కలు మందుల జాబితాలోకి రావని మనసులో ఎక్కడో ఉండిపోయింది. వాటిని తప్పకుండా చెప్పాలి. కంటి డాక్టరు దగ్గర ఉబ్బసం, గుండె జబ్బు, గర్భం, బిడ్డకు పాలివ్వడం, ఇవన్నీ అడగకపోయినా చెప్పాలి.

పిల్లల్లో ఇది ఇంకా ముఖ్యం. చుక్క పరిమాణం పెద్దలకూ పసివాళ్లకూ ఒకటే, ఒళ్లు మాత్రం చిన్నది. కంటిపాప పెద్దది చేసి పరీక్ష చేయడానికి వాడే అట్రోపిన్ లాంటి మందులతో పిల్లలకు ముఖం ఎర్రబడటం, ఒళ్లు వేడెక్కడం, నోరు ఎండిపోవడం, చికాకు కనిపించవచ్చు. గ్లకోమాకు పెద్దలు నిశ్చింతగా వాడే బ్రిమొనిడిన్‌ను రెండేళ్లలోపు పిల్లలకు వాడకూడదు. మగతలోకి జారి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

దీనికి విరుగుడు మన వేలి కొసనే ఉంది. చుక్క వేశాక కళ్లు మెల్లగా మూసుకుని, ముక్కు వైపు మూలను చూపుడు వేలితో నొక్కి పట్టుకుంటే ఆ రంధ్రాల దారి మూసుకుపోతుంది. ఇలా అయిదు నిమిషాలు నొక్కి ఉంచినా, లేదా ఊరికే కళ్లు మూసుకుని ఉన్నా, రక్తంలో కలిసే మందు 60 శాతానికి పైగా తగ్గిందని 1984లో అచ్చయిన ఒక అధ్యయనం చూపించింది. అయిదు నిమిషాలు కుదరకపోతే కనీసం రెండు నిమిషాలైనా మంచిదే. దీనితో ఇంకో లాభం ఉంది. ముక్కులోకి పోని మందు కంట్లోనే ఉండి పని చేస్తుంది. ఒక్క వేలితో ఒంటికి నష్టం తగ్గి కంటికి మేలు పెరిగే ఇలాంటి ఉపాయం వైద్యంలో అరుదు. అయినా చీటీ మీద దీన్ని రాయడం నేను చాలా తక్కువ చూశాను.

చుక్క వేసే పద్ధతి

చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సీసా మీద పేరు చదవాలి, రోజూ వాడేదే అయినా సరే. 'సస్పెన్షన్' అని రాసి ఉంటే బాగా కలపాలి, ఎందుకంటే అందులో మందు కరగకుండా సన్నని పొడిలా తేలుతూ, కాసేపటికి అడుగుకు చేరుతుంది. ప్రెడ్నిసొలోన్ అసిటేట్ చుక్కలు ఇలాంటివే. కలపకుండా వాడితే మొదటి వారమంతా పలచని నీళ్లు, చివరి వారం చిక్కని మందు పడుతుంది.

తల వెనక్కి వాల్చాలి, లేదా పడుకోవాలి. కింది రెప్పను వేలితో కిందికి లాగితే లోపల చిన్న సంచిలా తెరుచుకుంటుంది. చుక్క పడాల్సింది అందులోకి. నల్లగుడ్డు మీద నేరుగా వేస్తే అక్కడ స్పర్శ ఎక్కువ కాబట్టి కన్ను ఉలిక్కిపడి నీళ్లు కారుస్తుంది, ఆ నీళ్లతో మందూ పోతుంది. చూపు పైకి పెట్టాలి, సీసా వైపు కాదు. సీసాను కంటికి ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తున పట్టుకుని నొక్కాలి. మూతి రెప్పకూ, వెంట్రుకలకూ, వేలికీ, దేనికీ తగలకూడదు.

మా అమ్మకు శుక్లం ఆపరేషన్ అయిన కొత్తలో ఆమె చుక్క వేసుకునే తీరు దగ్గరగా చూశాను. చుక్క పడీ పడగానే కళ్లు గట్టిగా బిగించేది. ముఖమంతా ముడుచుకునేది. మరుక్షణం కంటి కొస నుంచి తడి చెవి దాకా గీతలా జారేది. ఆమెకు అది మందు బాగా పడిన గుర్తు. గట్టిగా బిగిస్తే రెప్పలు మందును బయటికి తోసేస్తాయి. నిద్రపోయేటప్పుడు మూసుకున్నంత తేలిగ్గా మూసుకుంటే చాలు. ఆ ఒక్క మార్పు చేయించడానికి నాలుగైదు రోజులు పక్కన కూర్చోవాల్సి వచ్చింది, ఎందుకంటే కళ్లు బిగించడం అలవాటు కాదు, భయం. భయం పోవాలంటే చుక్క పడుతున్నట్టు ముందే తెలియాలి. సీసాను కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి తీస్తే చల్లదనం వల్ల చుక్క పడింది, పడలేదు అన్నది స్పష్టంగా తెలుస్తుంది. అయితే ఏ మందునైనా ఇలా పెట్టొచ్చా అన్నది దానితో వచ్చే కాగితంలో చూసుకోవాలి.

చేతులు వణికేవాళ్లు సీసా పట్టుకున్న చేతిని నుదుటి మీద ఆనించుకుంటే పట్టు కుదురుతుంది. అసలు కన్ను తెరవలేని పిల్లలకు ఇంకో దారి ఉంది. వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లు మూసుకోమని, ముక్కు వైపు మూలలో చుక్క వేయాలి. తర్వాత మెల్లగా కళ్లు తెరిపిస్తే మందు దానంతటదే లోపలికి జారుతుంది. నలుగురు పట్టుకుని బలవంతంగా రెప్పలు విప్పడం కన్నా ఇది ఎంతో నయం. ఏడుస్తున్న కంట్లో వేసిన చుక్క కన్నీళ్లతోనే పోతుంది.

రెండు మూడు మందులు ఉన్నప్పుడు ఒకదాని వెంట ఒకటి గబగబా వేసేసి పని అయిపోయిందనిపించుకోవడం అందరం చేసేదే. కుందేళ్ల కళ్ల మీద చేసిన పాత ప్రయోగాల్లో, మొదటి చుక్క పడిన అరనిమిషానికే రెండోది వేస్తే మొదటి మందులో దాదాపు సగం కొట్టుకుపోయింది. అయిదు నిమిషాలు ఆగితే ఆ నష్టం దాదాపు లేదు. డాక్టర్లు చెప్పే అయిదు నిమిషాల ఎడం అక్కడి నుంచి వచ్చిందే. వరుస కూడా ముఖ్యం: పలచని చుక్కలు ముందు, కలపాల్సిన సస్పెన్షన్ తర్వాత, జెల్ ఆ తర్వాత, ఆయింట్‌మెంట్ అన్నిటికన్నా చివర. ఆయింట్‌మెంట్ జిడ్డు పొరలా పరుచుకుంటుంది, దాని మీద వేసిన చుక్క లోపలికి దిగదు. చూపు కాసేపు మసకబారుతుంది కాబట్టి ఆయింట్‌మెంట్‌ను రాత్రి పడుకునే ముందు పెట్టుకోమంటారు.

కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు లెన్స్ తీసేసి చుక్కలు వేసుకుని, కనీసం 15 నిమిషాల తర్వాతే మళ్లీ పెట్టుకోవాలి. చాలా చుక్కల్లో ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే నిల్వ పదార్థాన్ని మెత్తటి లెన్సులు పీల్చుకుంటాయి.

తెరిచిన సీసా

ఆ బెంజాల్కోనియం క్లోరైడ్ ఎందుకు ఉంటుందంటే, తెరిచిన సీసాలోకి సూక్ష్మజీవులు చేరకుండా. సీసా మూతి రెప్పకు తగిలిన ప్రతిసారీ రెప్ప అంచున ఉండే క్రిములు దాని మీదికి ఎక్కుతాయి. నొక్కి వదిలినప్పుడు సీసా కొద్దిగా గాలిని, తడిని లోపలికి లాక్కుంటుంది, వాటితో పాటు క్రిములనూ. నిల్వ పదార్థం కొంతకాలం వాటిని అడ్డుకుంటుంది, ఎల్లకాలం కాదు. అందుకే మామూలు సీసాలను తెరిచిన 28 రోజులకు పారేయమంటారు. కొన్నిటికి గడువు వేరు. గ్లకోమాకు వాడే లాటనోప్రోస్ట్‌ను తెరవక ముందు ఫ్రిజ్‌లో ఉంచుతారు, తెరిచాక మామూలు గది వేడిలో 6 వారాలు వాడొచ్చు. కాబట్టి కాగితం చదవాలి. అందులో వేరే గడువు లేకపోతే నాలుగు వారాలే లెక్క.

సీసా మీద అచ్చు వేసిన ఎక్స్‌పైరీ తేదీ తెరవని సీసాకు సంబంధించినది. రెండేళ్ల గడువున్న సీసా కూడా మూత తీసిన రోజు నుంచి నెలలోపే ముగుస్తుంది. మూత తీసిన రోజే తేదీని పెన్నుతో లేబుల్ మీద రాసేస్తే ఆ తర్వాత గుర్తు పెట్టుకోవాల్సిన పని ఉండదు.

నిల్వ పదార్థం కూడా పూర్తిగా అమాయకమైనది కాదు. డిటర్జెంట్ గుణం ఉన్నది కాబట్టి రోజుకు ఎన్నోసార్లు, నెలల తరబడి వేసుకుంటే కంటి పైపొరను దెబ్బతీస్తుంది. కళ్లు పొడిబారి ఆర్టిఫిషియల్ టియర్స్ తరచుగా వాడేవాళ్లకు ఆ మందే మంట తెప్పిస్తుంటే కారణం ఇది కావచ్చు. రోజుకు నాలుగైదుసార్లకు మించి వాడాల్సి వస్తే నిల్వ పదార్థం లేని రకం అడగాలి. ఒక్కసారి వాడి పారేసే చిన్న గొట్టాల్లో అవి వస్తాయి. ఆ గొట్టంలో సగం మందు మిగిలిందని మూసి రేపటికి దాచుకోకూడదు. దాన్ని కాపాడే పదార్థం అందులో లేదు.

ఆర్టిఫిషియల్ టియర్స్ మందే కాదు, ఊరికే కన్నీళ్లలాంటివి, వాటితో ఏమవుతుంది అనుకునేవాళ్లకు 2023లో అమెరికాలో జరిగినది చెప్పాలి. నిల్వ పదార్థం లేని ఒక రకం కృత్రిమ కన్నీటి చుక్కల్లో సూడోమోనాస్ అనే, దాదాపు ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని బాక్టీరియా చేరింది. 18 రాష్ట్రాల్లో 81 మందికి ఇన్ఫెక్షన్ సోకింది. 14 మందికి చూపు దెబ్బతింది, నలుగురికి కన్నే తీసేయాల్సి వచ్చింది, నలుగురు చనిపోయారు. ఆ తప్పు వాడినవాళ్లది కాదు. కానీ కంట్లో పడేది ఏదైనా క్రిమిరహితంగా ఉండి తీరాలన్నది దానితో తేలిపోయింది. కంపెనీ మందును వెనక్కి తీసుకుంటోందన్న రీకాల్ వార్త కనిపిస్తే ఇంట్లో ఉన్న సీసా పేరు, బ్యాచ్ నంబరు సరిచూసుకోవాలి.

ఒక సీసా ఒక మనిషికే. ఇంట్లో ఒకరికి కళ్లకలక వస్తే అదే సీసాతో అందరికీ వేయడం మామూలుగా జరుగుతుంటుంది. కళ్లకలకల్లో చాలావాటికి కారణం వైరస్. యాంటీబయాటిక్ చుక్కలు దాన్ని చంపలేవు, కానీ సీసా మూతి దాన్ని ఒకరి నుంచి ఇంకొకరికి చక్కగా మోసుకెళ్తుంది.

స్టెరాయిడ్: వెంటనే తగ్గించే మందు

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తు పెట్టుకుంటామంటే ఈ భాగం గుర్తు పెట్టుకోమంటాను. డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథాసోన్, ఫ్లోరోమెథోలోన్ లాంటి స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎర్రబడ్డ కన్ను ఒకటి రెండు రోజుల్లో తెల్లబడుతుంది. దురద పోతుంది. వేసుకున్న మనిషికి ఇంతకన్నా మంచి మందు లేదనిపిస్తుంది. స్టెరాయిడ్ తగ్గించింది వాపును, ఎరుపును. ఆ ఎరుపుకు కారణమైనది లోపల అలాగే ఉండొచ్చు, ఇంకా బలపడొచ్చు కూడా. హెర్పిస్ వైరస్ వల్ల కార్నియా, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర, మీద పుండు పడి కన్ను ఎర్రబడితే, స్టెరాయిడ్ ఆ వైరస్‌కు మేత వేసినట్టే అవుతుంది. ఫంగస్ పుండు అయినా అంతే. ఎరుపు తగ్గిందన్న సంతోషంలో రోగి డాక్టరు దగ్గరికి వెళ్లడు. వెళ్లేసరికి కార్నియా మీద మచ్చ మిగులుతుంది.

ఇంకో ప్రమాదం చప్పుడు లేకుండా వస్తుంది. వారాల తరబడి స్టెరాయిడ్ చుక్కలు వాడితే సుమారు మూడోవంతు మందికి కంటి ఒత్తిడి కొంతైనా పెరుగుతుంది. నూటికి అయిదారుగురిలో చాలా ఎక్కువగా పెరుగుతుంది. ఇందులో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. దృష్టినరం మెల్లగా దెబ్బతింటుంది, చూపు అంచుల నుంచి కుంచించుకుపోతుంది. తెలిసేసరికి పోయిన చూపు పోయినట్టే, ఏ ఆపరేషనూ దాన్ని తిరిగి తేలేదు. శుక్లం కూడా తొందరగా వస్తుంది, కానీ దానికి ఆపరేషన్ ఉంది. ఈ నష్టం పిల్లల్లోనూ జరుగుతుంది. ఏటా ఒక కాలంలో కళ్లు దురదపెట్టి నలుపుకునే పిల్లలకు మొదటిసారి డాక్టరు రాసిన స్టెరాయిడ్ చుక్కలను, తర్వాత దురద వచ్చినప్పుడల్లా పెద్దలు అదే చీటీతో కొని వేస్తుంటారు. పిల్లాడికి దురద తగ్గి హాయిగా ఉంటుంది. పక్క చూపు తగ్గుతోందని చెప్పే వయసు వాడికి లేదు.

స్టెరాయిడ్ చెడ్డ మందు అని నేననడం లేదు. కంటి లోపలి వాపుకు, ఆపరేషన్ల తర్వాత, అవి లేకపోతే కళ్లు నిలవని సందర్భాలు ఉన్నాయి. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎలా తగ్గించుకుంటూ రావాలి, మధ్యలో ఒత్తిడి ఎన్నిసార్లు కొలవాలి అన్నది డాక్టరు చేతిలో ఉండాలి. మన ఇష్టానికి మొదలుపెట్టకూడదు, అలాగే ఉన్నట్టుండి ఆపకూడదు. చాలా సీసాల్లో యాంటీబయాటిక్‌తో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. బ్రాండ్ పేరు చూస్తే అది తెలియదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవాలి. పేరు చివర 'సోన్' అనో 'లోన్' అనో కనిపిస్తే ఆగి అడగాలి.

ఎరుపు మాత్రమే తగ్గించే చుక్కలు ఇంకో రకం. నాఫజోలిన్, టెట్రాహైడ్రోజోలిన్ లాంటివి కంటి రక్తనాళాలను బిగించి కన్నును తెల్లగా చూపిస్తాయి. మందు ప్రభావం దిగగానే నాళాలు ముందుకన్నా ఉబ్బి ఎరుపు ఎక్కువవుతుంది, మళ్లీ వేసుకోవాలనిపిస్తుంది. ఇవి చిన్నపిల్లల చేతికి అందితే మరీ ప్రమాదం. ఒకటి రెండు మిల్లీలీటర్లు మింగినా మగత, గుండె వేగం పడిపోవడం, కోమా దాకా వెళ్లొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2012లో హెచ్చరించింది. సీసాల మూతలు చాలావరకు పిల్లలు తేలిగ్గా తీయగలిగేవే. ఎత్తులో పెట్టాలి.

కంటిని తిమ్మిరెక్కించే చుక్కలు, డాక్టరు పరీక్షకు ముందు వేసేవి, ఎంత నొప్పి ఉన్నా ఇంటికి తెచ్చుకోకూడదు. నొప్పి తెలియని కార్నియా గాయపడుతూనే ఉంటుంది, మానదు, చివరికి కరిగిపోతుంది.

నొప్పి లేని జబ్బుకు రోజూ మందు

గ్లకోమా చుక్కలు వేసుకునేవాళ్లకు ఒక విచిత్రమైన కష్టం ఉంది. వేసుకుంటే ఏ మేలూ తెలియదు, మానేస్తే ఏ కీడూ తెలియదు. వేసుకున్నప్పుడు మంట మాత్రం తెలుస్తుంది. ఇలాంటి మందును ఏళ్ల తరబడి వాడటం క్రమశిక్షణ లేనివాళ్లకే కాదు, ఎవరికైనా కష్టమే. రోజూ తప్పకుండా చేసే పనికి, పళ్లు తోముకోవడానికో పడుకునే ముందు దీపం ఆర్పడానికో, దాన్ని ముడిపెడితే నిలుస్తుంది. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చాక వేసుకోవాలి. తర్వాతి వేళ దగ్గరపడితే వదిలేయాలి, రెండింతలు వేయకూడదు. మంట, ఎరుపు, కనురెప్పల చుట్టూ నల్లబడటం లాంటివి భరించలేక చెప్పకుండా మానేసేవాళ్లు ఉన్నారు. చెబితే మందు మార్చడానికి వేరే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

మందు సరిగ్గా వేసుకుంటున్నామా అన్నది తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. చుక్క 40 మైక్రోలీటర్లు అనుకుంటే 5 మిల్లీలీటర్ల సీసాలో 125 చుక్కలు. రెండు కళ్లకూ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అంటే రోజుకు నాలుగు. నెల రోజులు రావాలి. 15 రోజులకే సీసా అయిపోతుంటే సగం చుక్కలు చెంప మీదికి పోతున్నాయి, లేదా ఒక్కసారికి రెండు మూడు పడుతున్నాయి. నెలన్నర దాటినా ఇంకా మిగిలే ఉంటే కొన్ని పూటలు జారిపోతున్నాయి.

సీసాలు ఒకేలా ఉండటం వల్ల జరిగే పొరపాట్ల గురించి కూడా చెప్పాలి. చెవిలో వేసే చుక్కలు, ఆఖరికి సూపర్ గ్లూ గొట్టాలు కూడా కంటి చుక్కల సీసాల్లాగే ఉంటాయి. గ్లూ కంట్లో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తినవాళ్ల కేసులు వైద్య పత్రికల్లో పదేపదే అచ్చయ్యాయి. కంటి మందులకు వేరే డబ్బా పెట్టుకోవాలి, అందులో ఇంకేదీ ఉండకూడదు. చెవి చుక్కలు కంట్లో వేయకూడదు. కంటి చుక్కలు చెవిలో వేయమని డాక్టరు ఒక్కోసారి చెబుతారు, చెవిలో వాడిన ఆ సీసాను మళ్లీ కంటికి వాడకూడదు.

చుక్కల కోసం వెతకకూడని వేళలూ ఉన్నాయి. సున్నం, యాసిడ్, శుభ్రం చేసే ద్రావణం, ఏదైనా రసాయనం కంట్లో పడితే ముందు చేయాల్సింది ధారగా పోసే మంచినీళ్లతో కనీసం 15 నుంచి 30 నిమిషాలు కడగడం. తర్వాతే ఆసుపత్రి. మందుల డబ్బా వెతుకుతూ పోగొట్టుకునే ప్రతి నిమిషం కార్నియా మీద పడుతుంది. అలాగే ఎర్రబడిన కన్నుతో పాటు గట్టి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, వాంతులు ఉన్నా, కాంటాక్ట్ లెన్స్ వాడే కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా ఇంట్లో చుక్కలతో రోజులు గడపకూడదు, అదే రోజు చూపించుకోవాలి.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న సీసాలన్నీ వెంట తీసుకెళ్లండి. అక్కడున్న నర్సు ముందో డాక్టరు ముందో, ఇంట్లో వేసుకునే పద్ధతిలోనే ఒక చుక్క వేసుకుని చూపించండి. మూతి ఎక్కడ తగులుతోంది, చుక్క ఎక్కడ పడుతోంది, కళ్లు ఎలా మూస్తున్నారు అన్నది వాళ్లు చూసి ఒక్క నిమిషంలో చెబుతారు. ఇంట్లో పెద్దవాళ్లకు మీరే వేస్తుంటే వేసే చేయి మీది కాబట్టి మీరూ వెంట వెళ్లండి.